వెబ్‌క్యామ్ మొదట చూసింది కాఫీ జగ్గును

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ విభాగంలో, ట్రోజన్ రూమ్ అనే గది బయట ఒక కాఫీ మిషన్ ఉండేది. దూరపు గదుల్లో పనిచేసేవాళ్లు కాఫీ కోసం మెట్లు దిగి వచ్చేసరికి జగ్గు ఖాళీ అయిపోయేది. 1991లో క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ దీనికి ఒక ఉపాయం చేశారు. ఒక కెమెరాను జగ్గు వైపు తిప్పి, ఎకార్న్ ఆర్కిమెడీస్ కంప్యూటర్‌కు తగిలించి, ఆ బొమ్మ అందరి తెరల మీదా కనిపించేలా ప్రోగ్రామ్ రాశారు. అడ్డం 128 చుక్కలు, నిలువు 128 చుక్కలు, రంగుల్లేవు. బొమ్మ నిమిషానికి ఓ మూడుసార్లు మారేది. 1993 నవంబరులో ఇది వెబ్‌కు ఎక్కింది. 2001 ఆగస్టు 22న కెమెరా ఆపేశారు. అదే నెలలో ఆ కాఫీ మిషన్‌ను వేలం వేస్తే, జర్మనీకి చెందిన ష్పీగెల్ ఆన్‌లైన్ 3,350 పౌండ్లకు కొనుక్కుంది.

జగ్గు కదలదు, మాట్లాడదు. దాన్ని చూడటానికి ఆ మసక బొమ్మ చాలు. అవసరానికి మించి పైసా పెట్టకపోవడం వెబ్‌క్యామ్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. అందుకే చవక వెబ్‌క్యామ్ కొనేవాళ్లు ఆ చవక ఎక్కణ్నుంచి వచ్చిందో, తయారీదారులు దేంట్లో కోత పెట్టారో తెలుసుకోవాలంటాను.

మనిషి ముఖాన్ని దూరానికి పంపాలన్న కోరిక అంతకన్నా పాతది. 1936లోనే బెర్లిన్, లీప్‌జిగ్ నగరాల మధ్య జనం డబ్బు కట్టి ఒకరినొకరు చూస్తూ మాట్లాడుకునే ఫోన్ నడిచింది. అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పిక్చర్‌ఫోన్‌ను చూపించి, 1970లో పిట్స్‌బర్గ్‌లో అమ్మకానికి పెట్టింది. అద్దె నెలకు 160 డాలర్లు. పైగా అవతలివాళ్ల దగ్గరా అదే పెట్టె ఉండాలి. ఆ కాలపు ఇళ్లకు అది అందే వస్తువు కాదు.

ఇంటికి అందే ధరలో వచ్చింది క్విక్‌క్యామ్. 1994లో కనెక్టిక్స్ అనే కంపెనీ మాకింటోష్ కంప్యూటర్ల కోసం దాన్ని సుమారు 100 డాలర్లకు అమ్మింది. కనుగుడ్డులా గుండ్రంగా ఉండేది. రంగులు లేవు, తెలుపు నుంచి నలుపు దాకా 16 ఛాయలు మాత్రమే. అప్పటిదాకా వీడియోను కంప్యూటర్లోకి తెచ్చుకోవాలంటే విడిగా ఖరీదైన కార్డు కొనాల్సి వచ్చేది. క్విక్‌క్యామ్‌కు ఆ కార్డు అక్కర్లేదు, వైరు తగిలిస్తే సరిపోయేది. బొమ్మను తీర్చిదిద్దే పనిలో చాలా భాగం కంప్యూటర్ మీద వేసి కెమెరా ధర తగ్గించారు. నేటి చవక కెమెరాలూ నడిచేది ఈ దారినే. 1998లో ఈ వ్యాపారాన్ని లాజిటెక్ కొనేసింది.

తర్వాతి అడ్డంకి వైరు. అడ్డం 640, నిలువు 480 చుక్కల రంగు బొమ్మలు సెకనుకు ముప్ఫై పంపాలంటే దాదాపు 147 మెగాబిట్లు కావాలి. తొలి యూఎస్‌బీ వైరు మోయగలిగింది 12. అందుకే అప్పటి కెమెరాల్లో మనిషి చెయ్యి ఊపితే ఆ చెయ్యి ముక్కలు ముక్కలుగా కదిలేది. పైగా కెమెరాను కంప్యూటర్ గుర్తుపట్టడానికి దాంతో పాటు ఒక సీడీ ఇచ్చేవాళ్లు. అది పోయిందో, కెమెరా మూలపడ్డట్టే. 2003లో యూఎస్‌బీ కెమెరాలన్నిటికీ ఒకే పద్ధతి ఖరారు కావడంతో క్రమంగా సీడీ బాధ తప్పింది. ఇవాళ ఏ కెమెరా తగిలించినా కంప్యూటర్ వెంటనే గుర్తుపడుతోందంటే ఆ ఒప్పందం చలవే.

మన ఊళ్లలో వెబ్‌క్యామ్ మొదట నెట్ సెంటర్లలో కనిపించింది. ప్లైవుడ్ క్యాబిన్, లావుపాటి మానిటర్, దాని నెత్తిన గుండ్రటి కెమెరా. కటకం చుట్టూ ఉన్న రింగును వేళ్లతో అటూ ఇటూ తిప్పితే గాని ముఖం స్పష్టంగా వచ్చేది కాదు. అమెరికాలో ఉన్న కొడుకునో కూతురినో యాహూ మెసెంజర్‌లో చూడటానికి తల్లిదండ్రులు అక్కడిదాకా వెళ్లేవాళ్లు. మాట కోసం విడిగా ఫోన్ చేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ మసక బొమ్మలోనే మనవడి ముఖం మొదటిసారి చూసిన అమ్మమ్మల సంతోషం ముందు కెమెరా నాణ్యత లెక్కలోకి రాలేదు. ఆ కెమెరాలంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

అదే కాలంలో డబ్బాల మీద మెగాపిక్సెళ్ల పోటీ మొదలైంది. ఈ ఒక్క విషయంలో కొనేవాళ్లు గట్టిగా ఉండాలి. 640, 480లను గుణిస్తే మూడు లక్షల చుక్కలు, అంటే 0.3 మెగాపిక్సెల్. ఫుల్ హెచ్‌డీ వీడియోకు కావలసింది రెండు మెగాపిక్సెళ్లే. మరి కొన్ని వందల రూపాయల కెమెరా డబ్బా మీద 20 మెగాపిక్సెళ్లని ఎలా రాస్తారు? ఉన్న చుక్కల మధ్య లేని చుక్కలను సాఫ్ట్‌వేర్‌తో పూరించి ఆ అంకె చూపిస్తారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా అడగవలసింది వీడియో 720నా 1080నా అన్నది, సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది. లాజిటెక్ సీ270 అనే 720 కెమెరా 2010లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఇంట్లో మాట్లాడుకోవడానికి అది సరిపోతుంది. ఎంత గొప్ప కెమెరా పెట్టినా, నెట్ వేగాన్ని బట్టి జూమ్, వాట్సాప్ బొమ్మను ఎలాగూ కుదించేస్తాయి.

2016లో జియో డేటా, వాట్సాప్ వీడియో కాల్ కొద్ది నెలల తేడాతో వచ్చాయి. అప్పటి నుంచి ఫోనే కెమెరా అయింది. అయినా తాతగారి చేతిలో ఫోన్ ఉంటే పది నిమిషాలకు చెయ్యి దిగుతుంది, అవతలివాళ్లకు ఆయన నుదురూ సీలింగ్ ఫ్యానూ కనిపిస్తాయి. పెద్ద తెర మీద కదలని కెమెరా ఉంటే తాతగారూ అమ్మమ్మా పక్కపక్కన కూర్చుని గంటసేపు మాట్లాడొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాల్లో వెబ్‌క్యామ్‌లు దొరక్కుండా పోవడానికి ఆఫీసు పనులు, బడి పాఠాలతో పాటు ఇదీ ఒక కారణమనుకుంటాను.

చవకలో అసలు లోటు వెలుగు దగ్గర. చిన్న సెన్సర్‌కు చీకటి గదిలో వెలుగు చాలదు. ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు వెలుగు పట్టాల్సి వస్తుంది, దాంతో ఫ్రేములు సగానికి పడిపోయి తల తిప్పితే ముఖం అలుక్కుపోతుంది. కిటికీ వీపు వెనక కాకుండా ఎదురుగా ఉండేలా కూర్చుంటే, రెండు వేల రూపాయల ప్రాంతంలో దొరికే కెమెరా కూడా బాగానే చూపిస్తుంది. రాత్రిపూట పాత ట్యూబ్‌లైటు కింద బొమ్మ మీద అడ్డంగా చారలు పాకుతుంటే కెమెరా పాడైందని తిరిగి ఇచ్చేయకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. కొన్ని కెమెరాలు 60కి సర్ది వస్తాయి. కెమెరా సెట్టింగుల్లో పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ లేదా యాంటీ ఫ్లికర్ అన్న చోట 50 ఎంచుకుంటే చారలు పోతాయి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చి ఇచ్చిన కెమెరా అయితే ముందుగా చూడాల్సింది ఇదే.