సంలీనం

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో తలపెట్టిన అణువిద్యుత్ కేంద్రానికి ఆధారం ‘విచ్ఛిత్తి’. అంటే యురేనియం కేంద్రకం చీలడం. అదే జిల్లాలో అరసవల్లి సూర్యనారాయణమూర్తిగా మనం కొలిచే సూర్యుడి వెలుగుకు మూలం ‘సంలీనం’.

సంస్కృతంలో ‘లీ’ అంటే అంటుకోవడం, కరిగి కలిసిపోవడం. లీనం, లయం, బ్యాంకుల వార్తల్లో కనిపించే విలీనం, అన్నీ ఆ ధాతువు బిడ్డలే. ‘సం’ చేరితే పూర్తిగా ఒకటైపోవడం. హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం కావడానికి ఎంత చక్కని మాట!

ఆ పనిని భూమ్మీద చేయించడానికి ఒక దారి శక్తిమంతమైన లేజర్లు. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో 192 లేజర్ కిరణాలు బంగారు గొట్టాన్ని లోపలి నుంచి వేడెక్కిస్తాయి. అందులో పుట్టిన ఎక్స్ కిరణాలు ఆవగింజంత ఇంధన గోళాన్ని నలిపి, సీసం కన్నా ఎన్నో రెట్లు చిక్కనైన ప్లాస్మాగా మారుస్తాయి. 2022 డిసెంబర్ 5న 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తికి 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. లేజర్లు నడవడానికి మాత్రం దాదాపు 300 మెగాజౌళ్ల కరెంటు పట్టింది.

కొవ్వాడ గురించి మాట్లాడేటప్పుడు విచ్ఛిత్తి, సంలీనం అనే ఈ రెండు మాటలనూ దయచేసి కలిపేయకండి. సంలీనంతో గ్రిడ్‌కు కరెంటు ఇచ్చే కేంద్రం ప్రపంచంలో ఇంకా ఒక్కటీ లేదు.