వెదురు పూత యాజమాన్యం: మిజోరం మౌతాం

మిజోరం కొండల్లో దాదాపు 48 ఏళ్లకోసారి మౌటక్ వెదురు అడవంతా ఒక్కుమ్మడిగా పూసి, కాసి, చచ్చిపోతుంది. దీన్నే మౌతాం అంటారు. 1911లోనూ, 1959 ప్రాంతంలోనూ వచ్చింది. చివరిసారి 2006–08 మధ్య వచ్చింది. మౌటక్ శాస్త్రీయ నామం మెలొకానా బాక్సిఫెరా. చిట్టగాంగ్ కొండల్లోనూ, మయన్మార్‌లోని చిన్ రాష్ట్రంలోనూ ఇదే వెదురు ఉంది.

తెలుగు నేల మీది సాధన వెదురు, ముళ్ల వెదురు ఒకేచోట గుబురుగా పెరుగుతాయి. మౌటక్ తీరు వేరు. దాని భూగర్భ కాండం పొడవుగా సాగుతూ పోతుంది కనుక బొంగులు విడివిడిగా లేచి కొండవాలంతా పరచుకుంటాయి. పోడు కోసం నరికి కాల్చినప్పుడు చెట్ల మొలకలు మాడిపోతాయి, నేల లోపలి వెదురు మాత్రం బతుకుతుంది. పోడు వదిలిన నేలను మళ్లీ కొట్టే వ్యవధి తగ్గినకొద్దీ చెట్లు తేరుకోలేక వెదురే మిగులుతుంది. అక్కడి సొంత జాతే అయినా దానికి దురాక్రమణ గుణం అబ్బడానికి ఈ సాగు ఒక ముఖ్య కారణం.

ముళ్ల వెదురు పూస్తే వడ్లగింజంత గింజలు రాలతాయి. వెదురు బియ్యంగా వండుకుంటారు. మౌటక్ కాయ కండగలది, జామకాయంత ఉంటుంది. గడ్డి కుటుంబంలో ఇంత పెద్ద కాయ మరే మొక్కకూ లేదు. ఈ కాయలు నెలల తరబడి రాలుతుంటే, వాటిని తిని ఎలుకలు ఈత మీద ఈతగా పెరిగిపోతాయి. వానలకు మిగిలిన కాయలు మొలకెత్తగానే అడవిలో తిండి అయిపోతుంది. అప్పుడు ఎలుకలు పంటకొచ్చిన వరి మీద పడతాయి; గాదెల్లోని ధాన్యాన్నీ వదలవు.

1958లో మిజో జిల్లా మండలి కరవు రాబోతోందని హెచ్చరించింది. అప్పటి అస్సాం ప్రభుత్వం దాన్ని గిరిజనుల మూఢనమ్మకంగా కొట్టిపారేసింది. కరవు సాయానికి ఏర్పడిన సంఘమే 1961లో లాల్‌డెంగా నాయకత్వాన మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. 1966లో అది మొదలుపెట్టిన సాయుధ తిరుగుబాటు 1986 ఒప్పందంతో గాని ముగియలేదు. ముందే తెలిసిన విపత్తును పట్టించుకోకపోవడం క్షమించరాని పాలనా వైఫల్యం.

ఆ అనుభవంతో మిజోరం ప్రభుత్వం 2004లోనే వెదురు పూత, కరవు నివారణ పథకాన్ని చేపట్టింది. పూతకు ముందు చేసే పనే అన్నిటికన్నా విలువైనది. పూసిన బొంగు ఎండి పనికిరాకుండా పోతుంది, ఎండిన అడవి సులువుగా అంటుకుంటుంది. అందుకే ముదురు బొంగులను ముందే నరికి అమ్మాలి. అందుకు దారులు వేయాలి. వరికి బదులు ఎలుకలు అంతగా ముట్టని అల్లం, పసుపు వేయించాలి. ఊరూరా ధాన్యం నిల్వ ఉంచాలి.

ఎలుక తోక తెచ్చి చూపితే డబ్బిచ్చే పద్ధతి 1959 ప్రాంతంలోనూ, 2006–08లోనూ నడిచింది. మంద పెరిగిపోయాక ఎన్ని చంపినా పంట దక్కదు. సంఖ్య తక్కువగా ఉన్నప్పుడే బోనులు, ఎరలు పెట్టాలి. ఇరుగుపొరుగు పొలాలు ఒకేసారి విత్తితే ఎలుకలకు ఒక పంట తర్వాత ఒకటి దొరకదు.

కాయలు రాలాక భూగర్భ కాండాలు కూడా చచ్చిపోతాయి. దశాబ్దాలుగా తవ్వినా వదలని వెదురు తనంతట తాను నేలను విడిచే సమయం అదొక్కటే. చెట్లను తిరిగి పెంచదలచిన చోట మొలకలను కాండం విస్తరించకముందే, మొదటి ఒకటి రెండేళ్లలో పీకేయాలి. ఆలస్యమైతే మరో 48 ఏళ్ల అడవి పాతుకుంటుంది. వాలు బాగా ఉన్నచోట మాత్రం మొలకలను ఉంచడమే మంచిది. మట్టి కోతను అవే ఆపుతాయి. మౌటక్ కాయ ఎక్కువ కాలం నిల్వ ఉండదు కాబట్టి, ఏరివేసిన చోట పాత విత్తనం మళ్లీ మొలుస్తుందన్న భయం లేదు.

పాకే వెదుళ్లన్నీ ఇలా కాయవు. జపాన్‌లో దాదాపు 120 ఏళ్లకోసారి పూసే హాచికు అనే వెదురు 2020లో హిరోషిమాలో పూసినప్పుడు పరిశోధకులకు మొలకెత్తే గింజ ఒక్కటీ దొరకలేదు. అందువల్ల ఏ జాతి పూసినా ముందు గింజ కట్టిందో లేదో చూసి పని మొదలుపెట్టాలి. మిజోరంలో తర్వాతి మౌతాం 2054 ప్రాంతంలో రావాలి.