అల్మారాకెక్కిన వేప్‌లు

చుట్ట తాగేవాడి దగ్గర దాచుకోవడానికి ఏమీ మిగలదు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మల సంగతీ అంతే. చుట్ట అయిపోయాక ఉమ్మేస్తే కథ సరి. హుక్కా అలా కాదు. బీదర్ పనివాళ్లు జింకూ రాగీ కలిపి పోతపోసి, వెండి పొదిగి, కోట మట్టితో నల్లబరిచిన హుక్కా బుడ్లు ఇవాళ హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. యూరప్‌లో నశ్యం డబ్బాలకూ ఈ యోగమే పట్టింది. ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ రత్నాలు తాపిన డబ్బాలను వందల్లో కూడబెట్టాడు. అమెరికాలో 1932లో పెన్సిల్వేనియా రాష్ట్రం బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన జిప్పో లైటర్ కంపెనీ 1950ల నుంచి లైటర్ అడుగున తయారీ కాలం తెలిపే గుర్తులు వేస్తూ వచ్చింది. ఆ గుర్తులు చదివి లైటర్ వయసు చెప్పడం సిగరెట్ ముట్టనివాళ్లకు కూడా సరదా.

పొగాకుకు పనిముట్టు అవసరమైన చోటల్లా ఎవరో ఒకరు ఆ పనిముట్టును పోగేశారన్నమాట. కాబట్టి ఈ-సిగరెట్లు, అంటే వేప్‌లు, పోగేసేవాళ్లు ఉండడం వింత కాదు. వాళ్లు అంత త్వరగా తయారవడమే వింత. నశ్యం డబ్బాకు తరాలు పట్టిన గౌరవం వేప్‌కు పదేళ్లు నిండకుండానే దక్కింది. పరికరం అంత బాగుండడమే కారణమని చాలామంది అనుకుంటారు. నాకు తోచేది వేరు: అది బజారుకు సగం వండిన సరుకుగా వచ్చింది. మిగతా సగం కొన్నవాళ్లే వండుకున్నారు.

పొగాకు లేని, పొగ రాని సిగరెట్‌కు పెన్సిల్వేనియా వాసి హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లోనే పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు. 1965లో అది మంజూరైంది. తయారు చేసి అమ్మడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. అప్పట్లో సిగరెట్ మీద జనానికి అంత విరక్తి లేదు, చిన్న బ్యాటరీలకు అంత సత్తువా లేదు. ఇవాళ మనకు తెలిసిన రూపం చైనాలో ఫార్మసిస్టు హోన్ లిక్ చేతుల్లో 2003 ప్రాంతంలో తయారైంది. స్వయంగా గొలుసుకట్టుగా సిగరెట్లు కాల్చినవాడు. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. మరుసటి ఏడు రుయాన్ పేరుతో అది చైనా దుకాణాల్లోకి, ఆపైన రెండు మూడేళ్లలో యూరప్, అమెరికాలకు చేరింది.

ఆ తొలి పరికరాలు చూడ్డానికి అచ్చం సిగరెట్లే. తెల్లటి గొట్టం, పీలిస్తే కొసన వెలిగే ఎర్ర దీపం. ఆ వేషమే వాటి కొంప ముంచింది. సిగరెట్ లావున్న గొట్టంలో పట్టే బ్యాటరీ ఎంత? రోజుకు పెట్టె ఊదేసేవాడికి మధ్యాహ్నానికే అది చచ్చేది. ఆవిరీ అంతంతమాత్రమే. సిగరెట్ మానాలని కొన్నవాళ్లు మళ్లీ సిగరెట్‌కైనా పోవాలి, పరికరాన్నైనా బాగుచేసుకోవాలి. కాస్త స్క్రూడ్రైవర్ పట్టడం తెలిసినవాళ్లు రెండోది ఎంచుకున్నారు. టార్చిలైట్ గొట్టాలు కోసి, అందులో పెద్ద లిథియం బ్యాటరీ పెట్టి, పైన ఆవిరి పుట్టించే భాగాన్ని బిగించారు. 2008లో బ్రిటన్ నుంచి వచ్చిన ఇలాంటి ఒక పరికరం పేరే ‘స్క్రూడ్రైవర్’. సిగరెట్ పోలిక అందులో మచ్చుకైనా లేదు. ఇలా మార్చి కట్టినవాటికి మాడ్‌లని పేరు పడింది. నా లెక్కలో సేకరణకు పునాది పడింది ఇక్కడే. తన చేత్తో కట్టిన వస్తువును, తనకు తెలిసినవాడు గ్యారేజీలో కట్టిన వస్తువును ఎవరూ చెత్తబుట్టలో వేయరు.

రెండో పునాది మరీ చప్పటి విషయం, మరలు. చైనాలో జాయ్‌టెక్ కంపెనీ 510 అనే మోడల్ తెచ్చింది. ఆ మోడల్ పాతబడి పోయింది గానీ బ్యాటరీని, ఆవిరి భాగాన్ని కలిపే దాని మరచుట్టు మాత్రం లోకమంతటికీ ప్రమాణమై కూర్చుంది. 7 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకు చుట్టుకు అర మిల్లీమీటర్ ఎడం. దీంతో గ్రీస్‌లో చేసిన గొట్టం మీద జర్మనీలో చేసిన, ద్రవం నింపే ట్యాంకు, దాని మీద ఇంకో దేశంలో నగిషీ చెక్కిన మూతిముక్క బిగించుకోవచ్చు. బ్యాటరీకీ అలాంటి ప్రమాణమే దొరికింది: ల్యాప్‌టాప్‌లలో, టార్చిలైట్లలో వాడే 18650, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ముక్కలన్నీ ఒకదానికొకటి అతుకుతాయని తెలిశాక ఒక్కటి కొని ఊరుకోవడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. ఈ ట్యాంకుకు ఆ గొట్టం నప్పుతుందా, ఇత్తడి మీద స్టీలు ఎబ్బెట్టుగా ఉంటుందా అనే చర్చలతోనే రాత్రిళ్లు గడిచిపోయేవి.

2011 నుంచి 2015 దాకా నడిచింది మెకానికల్ మాడ్‌ల కాలం. వాటిలో ఒక్కదాన్ని విప్పి చూస్తే చాలు, ఈ పిచ్చి కొంతైనా అర్థమవుతుంది. రాగితోనో ఇత్తడితోనో చేసిన గొట్టం. అడుగున మీట, దాని కింద స్ప్రింగో, ఒకదాన్నొకటి తోసుకునే రెండు అయస్కాంతాలో. జేబులో అనుకోకుండా నొక్కుకుపోకుండా మీటను బంధించే రింగు. పైన వెండిపూత పూసిన చిన్న పిన్ను. సర్క్యూట్ లేదు, తెర లేదు, తీగ లేదు. మీట నొక్కితే బ్యాటరీలోని కరెంటు గొట్టం గోడల గుండా పైకి పాకి ద్రవాన్ని ఆవిరి చేసే కాయిల్‌ను ఎర్రగా కాలుస్తుంది. ఆ కాయిల్‌నూ వాడేవాడే చుట్టుకోవాలి: కాంథల్ తీగను డ్రిల్లు ముక్క చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, ఎర్రగా కాల్చి, పింగాణీ మూతుల పట్టుకారుతో చుట్లను దగ్గరికి నొక్కి, నడుమ దూది దూర్చాలి. అర ఓమ్ కాయిల్ చుడితే, నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ 4.2 వోల్టుల దగ్గర 8.4 ఆంపియర్లు లాగుతుంది, 35 వాట్ల వేడి పుడుతుంది. ఇంటర్మీడియట్‌లో ఓమ్ సూత్రాన్ని ద్వేషించినవాళ్లు ఇక్కడ దాన్ని నోటిలెక్కగా చేశారు. చేయక తప్పదు, లెక్క తప్పితే రక్షించే సర్క్యూట్ లోపల లేదు. 2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇలాంటి పరికరమే పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. అడుగున గాలి కన్నాలు ఉన్నాయా లేవా అని సేకర్తలు కొనేముందు తరచి చూడడం ఊరికే కాదు.

ఇంత మొరటు వస్తువులో గొప్పా తక్కువా ఎలా తెలుస్తుంది? చేత్తో. మూత విప్పుతుంటే మరలు ఇసుక రాపిడి లేకుండా నూనె పూసినట్టు జారాలి. మీట అన్ని వైపులా సమంగా దిగాలి. బ్యాటరీ లోపల గలగలలాడకూడదు. కొందరు వోల్టులు కొలిచే చిన్న మీటరు మధ్యలో బిగించి, గొట్టం దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో పదో వంతుల్లో పోల్చుకునేవారు. రాగి నల్లబడితే రుద్ది మెరిపించాలా, ఆ రంగును అలాగే ఉండనివ్వాలా అన్నదాని మీద రెండు వర్గాలు. మన ఇళ్లలో రాగి చెంబును చింతపండుతో తోమడం పుణ్యం. వాళ్లలో ఒక వర్గానికి అది ఘోరం.

పేరుమోసిన తయారీదారుల్లో చాలామంది పెద్ద కంపెనీలు కారు. గ్రీస్ నుంచి నెమెసిస్, ఫిలిప్పీన్స్ నుంచి విషస్ యాంట్ వాళ్ల గొట్టాలు, జర్మనీ నుంచి కేఫన్ ట్యాంకులు. లేత్ మెషిన్ల దగ్గర చిన్న చిన్న విడతలుగా చేసి, సీరియల్ నంబరు చెక్కి, ముందుగా పేరు రాయించుకున్నవాళ్లకు అమ్మేవారు. జాబితాలో పేరు రాకపోతే లాటరీ. అదీ తగలకపోతే రెండో చేతి నుంచి అసలు ధరకు మించి కొనాలి. సరుకు కొరతగా ఉంటేనే సేకరణ రుచి పడుతుందని నాణేలవాళ్లకూ స్టాంపులవాళ్లకూ ఎప్పుడో తెలుసు. ఇక్కడ ఆ కొరత కొంత నిజం, కొంత నాటకం. చేసేది ఇద్దరు మనుషులైతే నెలకు ఎన్ని చేయగలరు? కానీ అవే గొట్టాలను రంగు మార్చి, నంబరు కొత్తగా వేసి ‘పరిమిత విడత’ అని మళ్లీ అమ్మినవాళ్లూ లేకపోలేదు.

మంచి గొట్టానికి రెండు మూడు వందల డాలర్లు పలుకుతుంటే, షెన్‌జెన్ కర్మాగారాల నుంచి అదే ఆకారంలో నకలు ఇరవై ముప్పై డాలర్లకే వచ్చి పడింది. లోగోతో సహా నకలే. నకళ్లు సేకరణను చంపేస్తాయని అనుకున్నారు. నిజానికి పెంచాయి. నకలు వచ్చినప్పుడే అసలుకు విలువ. అంతవరకూ అది కేవలం గొట్టం. సీరియల్ నంబరు చెక్కిన తీరు, లోపలి అంచు నునుపు, పెట్టెతో వచ్చిన కార్డు, ఇవన్నీ చూసి అసలును పట్టే నిపుణులు పుట్టుకొచ్చారు.

అదే సమయంలో ఇంకో పాయ పారింది. ఒహాయోలోని ఇవాల్వ్ సంస్థ డీఎన్ఏ పేరుతో చిప్ బోర్డులు చేసి విడిగా అమ్మింది. 2014లో వచ్చిన డీఎన్ఏ 40 నికెల్ తీగ వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరగడాన్ని కొలిచి, దూది మాడకముందే కరెంటు తగ్గించేది. మెదడు ఒకరు అమ్ముతుంటే శరీరం ఎవరైనా చేయొచ్చు కదా. వడ్రంగులు రంగంలోకి దిగారు. కొయ్య బొడిపెలను శూన్యంలో ఉంచి రంగు కలిపిన రెసిన్ పట్టించి, పొయ్యిలో గట్టిపరిచి, పెట్టెలు మలిచారు. ఒక ముక్క చార ఇంకో ముక్కకు రాదు. అలాంటివాటిలో చాలా పెట్టెలకు ఆవిరి వాసన కూడా తగల్లేదు. వాడకుండా అల్మారాలో కొలువుదీరినవాటికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు షెల్ఫ్ క్వీన్.

వినియోగదారుల తీరుతెన్నులు చదివిన రసెల్ బెల్క్ 1995లో తన పుస్తకంలో సేకరణ లక్షణం చెప్పాడు: వస్తువును మామూలు వాడకం నుంచి తప్పించి, ఒకదానితో ఒకటి సరిగ్గా పోలని వస్తువుల వరసలో భాగంగా చూడడం. షెల్ఫ్ క్వీన్ ఆ నిర్వచనానికి అతికినట్టు సరిపోతుంది. అయితే నికోటిన్ సంగతి మరిచిపోకూడదు. సిగరెట్ మానినవాడికి నికోటిన్ వేరే దారిలో దొరికినా, పెట్టె విప్పడం, వేళ్ల మధ్య తిప్పడం, వెలిగించడం అనే తంతు పోతుంది. చేతులు ఖాళీ. కాయిల్ చుట్టడం, మరలు తుడవడం, పార్సిల్ కోసం ఎదురుచూడడం ఆ ఖాళీని నింపాయి. సిగరెట్లకు పోసే డబ్బే కదా అని ఇంట్లో చెప్పిన లెక్క మాత్రం ఏ ఇంట్లోనూ తేలినట్టు లేదు. అందరూ ఇలా మారలేదు. ఎక్కువమందికి వేప్ ఒక మందు సీసాలాంటిది. అది అయిపోతే ఇంకోటి. యంత్రం లోపల ఏముందో చూడాలనిపించిన కొద్దిమందే సేకర్తలయ్యారు.

ఈ వాతావరణానికి రెండు వైపుల నుంచి దెబ్బ తగిలింది. ఒకటి చట్టం. యూరప్ సమాఖ్య ఆదేశం 2016 మే 20న అమల్లోకి వచ్చి, ఏడాది గడువు తర్వాత ట్యాంకు 2 మిల్లీలీటర్లకు, నికోటిన్ ద్రవం సీసా 10 మిల్లీలీటర్లకు మించకూడదని కట్టడి చేసింది. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అదే ఏడాది ఆగస్టు 8 నుంచి పరికరాలను, విడిభాగాలను కూడా పొగాకు ఉత్పత్తుల కింద లెక్కగట్టింది. కొత్తవి అమ్మాలంటే ముందస్తు అనుమతి కావాలి. లేత్ పెట్టుకుని ఇద్దరు మనుషులు నడిపే దుకాణానికి ఆ కాగితాల ఖర్చు మోయలేని బరువు. ఆగస్టు లోపు కొనిపెట్టుకుందామని జనం ఎగబడడంతో అంతవరకూ సేకర్తలు కానివాళ్ల అల్మారాలూ నిండాయి.

రెండో దెబ్బ తిన్నగా పరిశ్రమ నుంచే వచ్చింది. 2015లో జూల్ అనే వేప్ బజారుకెక్కింది. విప్పడానికి లేదు, చుట్టడానికి లేదు. ద్రవం నింపి వచ్చే పాడ్ దూర్చి పీల్చడమే. సగం వండిన సరుకు పూర్తిగా ఉడికింది. ఆ తర్వాత వచ్చినవి వాడి పారేసేవి. లోపల మళ్లీ ఛార్జి చేయగల లిథియం సెల్ ఉన్నా చెత్తలోకే పోతాయి. బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించింది. వీటిని దాచిపెట్టాలని ఎవరికైనా తోచిందంటే నమ్మబుద్ధి కాదు.

మన దగ్గర ఈ కథ మొదలవుతుండగానే తెగిపోయింది. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరాలే; తొలిసారికి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సరుకు నిల్వ పెట్టినా 6 నెలల దాకా జైలు లేదా 50,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చేతిలో ఉన్న నిల్వలను అధికారికి అప్పగించాలని కూడా అందులోనే ఉంది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండే తెలుగు కుర్రాడి అల్మారాలో వరస పేర్చి ఉన్నా, సెలవులకు ఇంటికొచ్చేటప్పుడు అక్కడ వదిలేసి రావలసిందే.

ఉన్నవాళ్ల అల్మారాల్లో ఇప్పుడు వేరే బెంగ మొదలైంది. లోపల అతికించిన లిథియం పాలిమర్ బ్యాటరీలు ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బి, ఖరీదైన కొయ్య పెట్టెలను పగలదీస్తున్నాయి. తెరలు మసకబారుతున్నాయి. బోర్డు పోతే సరిపడే బోర్డు దొరకదు. జాగ్రత్తపరులు బ్యాటరీలు ఊడదీసి ప్లాస్టిక్ డబ్బాల్లో విడిగా పెడుతున్నారు. రాగి గొట్టాలకు ఈ బాధ లేదు. బజారులో కొత్త 18650 తెచ్చి, మరలను స్పిరిట్‌తో తుడిచి బిగిస్తే, 2012 నాటి గొట్టం ఇవాళ కూడా కాయిల్‌ను ఎర్రగా కాలుస్తుంది.