చీము చేసిన మేలు

ఊపిరితిత్తి తీసేసిన చోట చీము పట్టిందంటే సర్జన్ గుండె గుభేలుమంటుంది. జ్వరం ఓ పట్టాన దిగదు. పక్కటెముకల మధ్య గొట్టం వేసి రోజుల తరబడి చీము బయటికి తీస్తూ ఉండాలి. వైద్యులు దీన్ని ఎంపైమా అంటారు. ఆపరేషన్ తర్వాత రాకూడని కష్టాల్లో ఇదొకటి. అలాంటిది, 1972లో అమెరికాలోని ఆల్బనీ నగర వైద్యులు పాత కేసు కాగితాలు తిరగేసి ఎవరూ ఊహించని సంగతి బయటపెట్టారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక చీము పట్టి నానా యాతనా పడినవాళ్లు, ఏ చిక్కూ లేకుండా ఇంటికెళ్లినవాళ్ల కన్నా ఎక్కువ కాలం బతికారు.

చీములో ఉండేవి చాలావరకు చచ్చిన తెల్ల రక్తకణాలే. సూక్ష్మజీవుల మీదికి గుంపులుగా వచ్చిన ఆ కణాలు, పనిలో పనిగా, కత్తికి అందకుండా మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను కూడా తుడిచిపెట్టి ఉంటాయా? ఆల్బనీ వైద్యులకు కలిగిన ఆలోచన అదే. దాని వెనక అప్పటికే ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది.

1891లో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే యువ సర్జన్ ఒక పదిహేడేళ్ల అమ్మాయిని బతికించుకోలేకపోయాడు. చేతిలో పుట్టిన క్యాన్సర్ ఒళ్లంతా పాకి ఆమె చనిపోయింది. ఆ దుఃఖం అతన్ని ఆసుపత్రి పాత రికార్డుల ముందు కూర్చోబెట్టింది. వాటిలో ఒక జర్మన్ వలస కార్మికుడి కేసు కనబడింది. మెడ మీద కణితి, ఎన్నిసార్లు కోసినా మళ్లీ పెరిగింది, వైద్యులు ఆశ వదిలేసుకున్నారు. ఇంతలో పుండుకు ఎరిసిపెలాస్ సోకింది. స్ట్రెప్టోకోకస్ వల్ల చర్మం ఎర్రగా వాచి తీవ్రమైన జ్వరం తెప్పించే జబ్బు అది. జ్వరం తగ్గేసరికి కణితి కరిగిపోయింది. అది జరిగి ఏడేళ్లయింది. ఆ మనిషి ఏమయ్యాడో చూడాలని కోలీ వలసదారుల ఇరుకు ఇళ్లన్నీ గాలించి పట్టుకున్నాడు. మెడ మీద మచ్చతో, నిక్షేపంగా ఉన్నాడతను.

ఆ తర్వాత కోలీ చేసిన పని సాహసమనాలో, తెగింపనాలో తేల్చడం కష్టం. రోగుల కణితుల్లోకి కావాలనే బతికున్న సూక్ష్మజీవులను ఎక్కించాడు. కొందరికి కణితి తగ్గింది, కొందరు ఎరిసిపెలాస్‌తోనే పోయారు. దాంతో చంపిన సూక్ష్మజీవుల మిశ్రమానికి మారాడు. దాన్నే కోలీ టాక్సిన్లు అన్నారు. మందు ఎందుకు పనిచేస్తోందో ఆయన వివరించలేకపోయాడు. ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పలేకపోయాడు. రేడియేషన్ వైద్యం వచ్చాక ఆయన పద్ధతి మూలన పడింది.

వివరించడానికి కావలసిన మొదటి ఆధారం నిజానికి అప్పటికే దొరికింది. 1863లోనే జర్మనీలో రుడాల్ఫ్ విర్కో కణితుల్లో తెల్ల రక్తకణాలను గమనించాడు. 1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల ఒంట్లో చిన్న ముళ్లు గుచ్చి, తెల్లారేదాకా ఆత్రంగా ఎదురుచూశాడు. పొద్దున్నే సూక్ష్మదర్శినిలో చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. పరాయి వస్తువును మింగే కణాలుంటాయని అలా తేలింది. మన ఊపిరితిత్తుల గాలితిత్తుల్లోనూ అవే ఉంటాయి. వాటి పేరు మాక్రోఫేజ్‌లు. పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తుల్ని సెలైన్‌తో కడిగి, ఆ నీటి బొట్టును గాజు పలక మీద చూస్తే, ఒక్కో మాక్రోఫేజ్ కడుపు నిండా గోధుమ, నలుపు రేణువులు కనిపిస్తాయి. అవి ఆ మనిషి పీల్చిన పొగ తాలూకు మసి. అరిగించుకోలేని దాన్ని మింగి, ఆ భారంతోనే అక్కడ కాపలా కాస్తుంటుంది ఆ కణం.

చీము కథను ఆల్బనీ వైద్యులు అక్కడితో వదల్లేదు. రోగికి చీము పట్టించలేరు కాబట్టి, దానికి బదులు బీసీజీని ఎంచుకున్నారు. ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్ పశువుల క్షయ సూక్ష్మజీవిని 1908 నుంచి 1921 దాకా, ఎద్దు పైత్యరసంలో ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద 230 సార్లు మార్చి మార్చి పెంచి, దాని కోరలు పీకి తయారుచేసిన టీకా అది. తెలుగువాళ్లకు అది కొత్తేమీ కాదు. ఎందరి భుజం మీదో దాని మచ్చ ఉంది. మన దేశంలో 1948లో బీసీజీ వేయడం మొదలైనప్పుడు తొలి అడుగులు పడిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ పక్కనే ఉన్న ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు చుట్టుపక్కల ఊళ్లలో ఆ టీకా ఫలితాన్ని ఏళ్ల తరబడి లెక్కగట్టారు.

క్షయ కోసం పుట్టిన ఆ టీకాను ఆల్బనీలో ఆపరేషన్ అయ్యాక ఛాతీ గొట్టం గుండా లోపలికి వదిలారు. 1976లో వచ్చిన ఫలితాలు ఆశ పుట్టించాయి. ఎక్కువ మంది మీద మళ్లీ పరీక్షిస్తే ఆ మేలు కనబడలేదు. అదే 1976లో కెనడాలో మూత్రాశయ క్యాన్సర్‌కి వాడిన బీసీజీ మాత్రం నిలబడింది, ఇవాళ్టికీ వాడుతున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి రోగనిరోధక శక్తితో పనిలేదన్న మాట వైద్యుల్లో స్థిరపడిపోయింది.

ప్రయోగశాలల్లోనూ గాలి అటే వీచింది. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్, ఎందుకూ పనికిరాదనుకున్న థైమస్ గ్రంథే టీ కణాలనే తెల్ల రక్తకణాలకు పుట్టిల్లని తేల్చే పరిశోధన చేశాడు. అయితే 1974లో ఓసియాస్ స్టుట్‌మన్ థైమస్ లేకుండా పుట్టే ఎలుకలకు క్యాన్సర్ కారకాలిచ్చి చూస్తే, మామూలు ఎలుకల కన్నా వాటికేమీ ఎక్కువ కణితులు రాలేదు. క్యాన్సర్ మీద టీ కణాల కాపలా ఒట్టిదేనని చాలామంది అనుకున్నారు. ఆ ఎలుకల్లో కొన్ని టీ కణాలూ, వేరే రక్షక కణాలూ మిగిలే ఉంటాయని తర్వాత గాని తెలియలేదు. ఆ కాపలా నిజమేనని చూపి లెక్క సరిదిద్దింది 2001లో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ష్రైబర్ బృందం.   

కాపలా కణాలు లేకపోవడం కాదు, వాటి చేతులు కట్టేసి ఉండటమే అసలు సంగతి. 1992లో క్యోటోలో తసుకు హోంజో బృందం టీ కణం మీద పీడీ-1 అనే ప్రొటీన్‌ను కనుగొంది. అది బ్రేకు లాంటిది. ఒళ్లు తన మీద తనే తిరగబడకుండా ఉండటానికి అది అవసరం కూడా. క్యాన్సర్ కణం పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను పైకి చూపి ఆ బ్రేకు నొక్కేస్తుంది. కొన్ని మాక్రోఫేజ్‌లనైతే కణితి తనవైపు తిప్పుకొని, రక్తనాళాలు పెంచే కూలీలుగా వాడుకుంటుంది. టీ కణాల్లోనే తోటి కణాలను అదుపు చేసే ఒక తెగ ఉందని 1995లో షిమోన్ సకాగుచి చూపించాడు. కణితిలో అవీ తిష్ట వేస్తాయి. కోలీ కాలం నుంచీ అందరూ సైన్యాన్ని రెచ్చగొట్టాలని చూశారు. కట్లు విప్పాలన్న ఆలోచన రావడానికే నూరేళ్లు పట్టింది.

2012లో పీడీ-1 బ్రేకును విప్పే మందు ఇచ్చినప్పుడు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 76 మందిలో 14 మందికి కణితులు తగ్గాయి. ఆ క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక శక్తితో చేసే వైద్యం, పనికిరాదని తీర్మానించుకున్న వైద్యలోకం ఉలిక్కిపడింది. ఆ మందుకు 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. పీడీ-ఎల్1 బాగా ఉన్న కణితులకు, ముదిరిన దశలో, మొదటి మందుగా, పీడీ-1 బ్రేకునే విప్పే పెంబ్రోలిజుమాబ్ ఇస్తే అయిదేళ్లకు 31.9 శాతం మంది బతికున్నారు. కీమోథెరపీతో మొదలుపెట్టినవాళ్లలో ఆ సంఖ్య 16.3. ఈ దారి వేసినందుకు హోంజోకి, ఇలాంటి బ్రేకుల మీదే పనిచేసిన మరో శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్‌కి 2018లో నోబెల్ వచ్చింది. బ్రేకు విప్పిన టీ కణాలు ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి మీదే పడతాయి. ఈ మందు వాడేటప్పుడు కొత్తగా ఆయాసం, దగ్గు మొదలైతే డాక్టరు వెంటనే స్కాన్ తీయించేది అందుకే.

ఇప్పుడు ఊపిరితిత్తి కణితి ముక్క ల్యాబుకి వస్తే, రకాన్ని గుర్తించడంతో పాథాలజిస్టు పని అయిపోదు. పలుచగా కోసి రంగు వేశాక, పీడీ-ఎల్1 ఉన్న కణాల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. వందకు ఎన్ని అలా ఉన్నాయో లెక్కపెడతారు. సగం దాటితే వైద్యం తీరే మారవచ్చు. అదే గాజు పలక మీద, కణితి అంచున, విర్కో 1863లో చూసినవాటిలాంటి చిన్న గుండ్రటి తెల్ల రక్తకణాలు చాలాసార్లు గుంపు కట్టి ఉంటాయి.