రామయ్యపట్నపు బొంతలు

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రమేర్పడి గంజాం జిల్లాలోని అధికభాగము అందు చేరినపుడు, ఇచ్ఛాపురము మద్రాసు రాజధానియందే నిలిచిపోగా, దానికి అనతిదూరమున సముద్రపుటొడ్డున నున్న మా రామయ్యపట్నము సరిహద్దున కీవల మిగిలినది; నాటినుండి మా కాగితములు ఒడియాలోను, మా కలహములు తెలుగులోను సాగుచున్నవి. మా బొంతలకు మాత్రము ఈ విభజన పట్టలేదు. ఇచ్ఛాపురములో కొన్న ముతకనూలు చీరయు, బరంపురపు బజారునుండి వచ్చిన సంబల్పురి చీర అంచును, బిడ్డలకు పొట్టియైపోయిన గౌనును, చేపల వేటకు పోయి ఉప్పునీట నాని వన్నె తరిగిన లుంగీయు ఒకే బొంతలో ఇరుగుపొరుగులై యుండును.

బొంత కుట్టుటకు వేసవియే అదను. ఏప్రిల్ నడుమనుండి జూన్ నడుమవరకు సాగు వేటనిషేధకాలమున పడవలు ఒడ్డుననే యుండగా, ఆడువారికి చేపలగంపల తిరుగుడు తగ్గి కొంత తీరిక చిక్కును. ఉతికి ఎండబెట్టిన రెండు మెత్తని చీరలలో నొకదానిని నేలపై పరచి, మూలలందు రాళ్లుంచి, దానిపై చిరిగిన గుడ్డలను గుట్టపడకుండ, పలుచబడకుండ సర్ది, రెండవచీర కప్పి, పొరలు జరుగకుండ ముందు దూరదూరముగా టాకాలు వేసి, పిమ్మట దబ్బనముతో ముతకదారమును వరుసలు వరుసలుగా నడపుదురు. వరుసలు దగ్గరైనకొలది బొంత గట్టిపడును. మరీ దగ్గరైన అట్టవలె బిగిసి, పసిపాపకు పనికిరాకపోవును. రంగుముక్కల అమరిక కేమియు నియమము లేదు. ఎరుపుప్రక్క పసుపు వేయవలెనో, నీలము వేయవలెనో కుట్టునామె యిష్టము. ఒకరి బొంతను జూచి మరియొకరు అట్లే కుట్టుట మాయూర చిన్నతనము.

పూరీ రథములకు చాందినీలు కుట్టు పిపిలి పనివారికి పేరున్నది, కుంభపుటంచుల బరంపురపు పట్టునకు పేరున్నది. ఆ పట్టు, ఎంత గొప్పదైనను, బొంతకు కొరగాదు. పాతబడినంతనే మడతలవద్ద చిట్లును. అమెరికాలో అలబామా రాష్ట్రపు జీస్ బెండ్ అను పల్లెలో నల్లజాతి స్త్రీలు పాతబట్టలతో స్వేచ్ఛగా కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ కళాప్రదర్శనశాలవారు గోడల కలంకరించి చూపిరి. మావి గోడ కెక్కలేదు. అందుకు నాకు విచారమును లేదు, ఏలయన బొంత కప్పుకొనుటకే గాని చూచుటకు గాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటునపుడు ఇండ్లు విడిచిపోయిన వారికి బొంతకంటె నక్కరకు వచ్చునది వేరేది?

ఇప్పుడు బొంతకు వచ్చిన చేటు తుపానువలన గాదు, సముద్రపు కోతవలనను గాదు, పాలిస్టరు చీరవలన. అది చిరుగదు, మెత్తబడదు, చెమట పీల్చదు, పొరలమధ్య జారిపోవును. దానితో కుట్టిన బొంత బొంతయే గాదని నా యభిప్రాయము. కావున ఇంట నూలుచీరలు మిగిలియున్న మాయూరివారు వానిని స్టీలుగిన్నెకై పాతబట్టలవానికి ఇచ్చివేయక, ఈ వేసవిలోనే ఒక బొంతకు తీసియుంచి, ఇంటి పెద్దలకు చూపు మందగింపకముందే వారిచేత మొదటి వరుస కుట్టించుకొనవలెనని మనవి.