ముఖ నరం పోటు... పళ్లు పీకించినా తగ్గదు

దవడలో మెరుపులా ఒక పోటు. కొన్ని సెకన్లు, మహా అయితే రెండు నిమిషాలు. ఆగుతుంది, మళ్లీ వస్తుంది. ముఖం కడిగినా, ముద్ద నమిలినా, ఫ్యాను గాలి తగిలినా చాలు. దీనిని ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. ముఖానికి స్పర్శనిచ్చే నరం మెదడు నుంచి బయలుదేరే చోట రక్తనాళం దానిని ఒత్తడం ప్రధాన కారణం. యాభై దాటినవారిలో, అందునా మహిళల్లో ఎక్కువ. ఈ నొప్పి నేరుగా ప్రాణం తీయదు. దానిని భరిస్తూ బతకడంలోనే చిక్కులన్నీ.

మొదటి నష్టం పళ్లకే. పోటు పంటిదేనని తోచడంతో రోగి తొలుత వెళ్లేది దంత వైద్యుని వద్దకు. ఒకటి తీయించినా తగ్గక పక్కది, ఆపైన మరొకటి... ఇలా ఆరోగ్యమైన పళ్లు పోగొట్టుకున్నవారు ఎందరో. ఎక్స్‌రేలో పుచ్చు, చీము కనిపించనప్పుడు పీకించుకునే ముందు నరాల వైద్యుని సంప్రదించడం మేలు. మరికొందరు పోటుకు జడిసి పళ్లు తోమడమే మానేస్తారు. దాంతో చిగుళ్లు నిజంగానే చెడతాయి.

తరువాత తిండి. అన్నం మాని జావ, మజ్జిగతో సరిపెట్టుకోవడంతో బరువు తగ్గి నీరసిస్తారు. మధుమేహానికి మందులు వాడేవారు పూట తప్పిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మాట్లాడినా నొప్పే కనుక శుభకార్యాలకు వెళ్లరు. పైకి గాయం కనిపించదు కాబట్టి ఇంట్లోవారు నటన అనుకోవడమూ ఉంది. దిగులు ముదిరి చావు ఆలోచనలు వస్తే దాచుకోరాదు. 2022లో మొదలైన ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మందుతోనూ జాగ్రత్త అవసరం. 1960ల నుంచి వాడుకలో ఉన్న కార్బమజెపిన్ చాలామందికి ఉపశమనమిస్తుంది. అయితే మగత, తూలుడు కలిగిస్తుంది. వృద్ధులు పడి ఎముకలు విరగ్గొట్టుకునే ప్రమాదముంది. రక్తంలో సోడియం తగ్గి తికమకపడవచ్చు. దద్దుర్లు, నోటిపుండ్లు, జ్వరం కనిపిస్తే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటిదేమీ లేనప్పుడు సొంతంగా ఒక్కసారిగా మానరాదు. గర్భనిరోధక మాత్రల శక్తిని ఇది తగ్గిస్తుంది. గర్భస్థ శిశువుకూ హాని కలగవచ్చు. ఆ వయసు మహిళలు వైద్యునికి ముందే చెప్పాలి.

మందు పనిచేయకుంటే ఒత్తుతున్న రక్తనాళాన్ని పక్కకు జరిపే శస్త్రచికిత్స ఉంది. కొందరిలో ఆ వైపు వినికిడి తగ్గవచ్చు. సూదితో నరాన్ని వేడిచేసే పద్ధతిలో ముఖం మొద్దుబారుతుంది. కంటికీ స్పర్శ పోతే నలక పడినా తెలియదు, పుండుపడి చూపు దెబ్బతింటుంది. అటువంటివారు రోజూ అద్దంలో కన్ను ఎర్రబడిందేమో చూసుకోవాలి.