ఊదుగొట్టము నుండి జ్వాలాయంత్రము వఱకు

శిల్పచరిత్ర వ్రాసినవారు శిల్పమును గూర్చి వ్రాసినంతగా శిల్పి చేతిలోని పనిముట్టును గూర్చి వ్రాయలేదు. నగలను వర్ణించిన కవులును, దేవుని కిచ్చిన నగల పట్టికలను శాసనములలో చెక్కించిన రాజులును మనకు పెక్కుమంది కలరు. ఆ నగలోని రెండు తునుకలను కలిపిన నిప్పు ఎట్టిదో, దానిని పనివాడు ఎట్లు వశపరచుకొన్నాడో తెలుపు వాక్యములు మాత్రము అరుదు. చిన్న జ్వాలతో బంగారమును, వెండిని, గాజును పనిచేయు సాధనము ఎట్లు పరిణమించినదో, నేడు దానిని ఎన్నుకొనువాడు ఏ విషయములను గమనింపవలెనో ఈ వ్యాసమున పరిశీలింతును. ఈ రెండు ప్రశ్నలును వేఱువేఱుగ కన్పించును. కాని మొదటిదానిని విచారింపక రెండవదానికి సరియైన సమాధానము దొరకదని నా అభిప్రాయము.

కొలిమిలో వేడికి కొదువలేదు. గురి మాత్రము లేదు. స్వర్ణకారునకు కావలసినది గింజంత చోట నిలుచు వేడి. బంగారము 1064 సెంటిగ్రేడు డిగ్రీల వద్దను, వెండి 962 డిగ్రీల వద్దను, రాగి 1085 డిగ్రీల వద్దను కరగును. వీనిని అతుకు టంకము అంతకంటె తక్కువ వేడికే కరగునట్లు కలిపిన మిశ్రమలోహము. టంకము కరగు వేడికిని, నగయే కరగిపోవు వేడికిని నడుమ నున్నది ఇఱుకైన దారి. ఆ దారిని తప్పకుండుటయే అతుకుపనిలోని విద్య.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది. ఈజిప్టుదేశమున సక్కారాలోని మెరెరూకా సమాధి క్రీస్తునకు పూర్వము 2300 ప్రాంతమునకు చెందినది. అందు పలువురు పనివారు మూస చుట్టును చేరి, గొట్టములతో నిప్పును ఊదుచున్నట్లు చెక్కబడినది. క్రీస్తుపూర్వము 15వ శతాబ్దికి చెందిన రెఖ్మీరే సమాధిచిత్రములలో ఒక్కడే కూర్చుండి, ఒక చేత ఊదుగొట్టమును మఱియొక చేత పట్టుకారును పట్టి చిన్న పొయ్యి యెదుట పనిచేయుచుండును. మొదటిది లోహమును కరగించు సాముదాయికమైన పని. రెండవది ఒక్కని చేతినేర్పు. మన కంసాలి కుంపటి ముందు కూర్చుండిన రూపము ఈ రెండవ చిత్రమునకు ఎంతయు దగ్గఱగా నున్నది.

మన దేశమున రసశాస్త్ర గ్రంథములలో వంకనాళమను పేరు వినవచ్చుచున్నది. హిందీలో స్వర్ణకారుని ఊదుగొట్టమునకు బంకనాల్ అను పేరు దానినుండియే కలిగినది. తెలుగున ఊదుగొట్టమను అచ్చతెనుగు సమాసమే నిలిచినది. దాని చుట్టు నున్న పదములును గమనింపదగినవి. కుంపటి, మూస, పట్టుకారు, శ్రావణము, వెలిగారము, టంకము అనునవి పనివాని నోట నిలిచిన మాటలు. వెలిగారమును తెల్లని క్షారమని విడదీయవచ్చును. ఇది వేడికి కరగి అతుకుచోటును కప్పి, లోహమునకు గాలి తగులకుండ కాపాడును. అప్పుడే టంకము పాఱును. సంస్కృతమున టంకణమనగా ఈ వెలిగారమే. తెలుగువాడుకలో టంకమనగా అతుకు లోహము. ఒకే పనిలో జంటగా వాడబడు రెండు వస్తువుల పేళ్లకు గల ఈ సామ్యము నిఘంటుకర్తలు విచారింపదగినది.

ఊదుటయు సామాన్యమైన పని కాదు. నేర్పరి బుగ్గలలో గాలి నిలిపి, ముక్కుతో ఊపిరి పీల్చుచునే, నోటిగాలిని తెగకుండ విడుచును. ప్రమిదజ్వాల పక్కకు వంగి సన్నని నాలుకయై, లోపల నీలికొనయు వెలుపల మసక అంచును ఏర్పడును. నీలికొనకు కొంచెము ముందున్న చోట వేడి అధికము. నీలికొన కడ ప్రాణవాయువు చాలనందున అది లోహభస్మములను మరల లోహముగా మార్చును. వెలుపలి అంచు లోహమును భస్మీకరించును. ఈ భేదమును శాస్త్రముగా వాడుకొన్నవారు 18వ శతాబ్దపు స్వీడన్ ఖనిజవేత్తలు. వారిలో క్రోన్‌స్టెట్ ప్రముఖుడు. 1820లో బెర్జీలియస్ ఊదుగొట్టపు పరీక్షలపై ప్రత్యేకముగా గ్రంథము రచించెను. కంసాలి చేతి పనిముట్టు ఇట్లు రసాయనశాస్త్రజ్ఞుని బల్లపైకి ఎక్కినది.

గాజుపని చరిత్ర వేఱు. తెలుగున గాజు అను మాట పదార్థమునకును, దానితో చేసిన చేతి ఆభరణమునకును చెల్లుచున్నది. చిత్తూరు జిల్లాలో నుండి, 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరిన పాపానాయుడుపేట పూసల తయారీకి ప్రసిద్ధి కెక్కినది. 20వ శతాబ్ది చివరి దశకములలో అమెరికను పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఇచటి పద్ధతిని లోకమునకు తెలియజేసెను. అది కొలిమి పద్ధతి. కరగిన గాజుముద్దను బోలుగా చేసి, సన్నని గొట్టముగా లాగి, ముక్కలు కోసి, మరల వేడిచేసి అంచులను గుండ్రన చేయుదురు. దీపపు మంటలో గాజుకడ్డీని కరగించి ఇనుపపుల్లకు చుట్టు పద్ధతి దీనికి భిన్నము. కొలిమిపద్ధతిలో పూసలు రాసులుగా వచ్చును. దీపపద్ధతిలో ప్రతిపూసయు ప్రత్యేకముగా రూపొందును.

దీపపద్ధతి ఐరోపాలో, ముఖ్యముగా వెనిస్ నగరమున, వృద్ధిచెందినది. ఆంటోనియో నేరి 1612లో ప్రకటించిన గాజుశాస్త్ర గ్రంథమును యోహాన్ కుంకెల్ 1679లో జర్మనుభాషలోనికి తెచ్చి, తన విషయములను చేర్చెను. అందు బల్ల క్రింద కాలితో త్రొక్కు తిత్తిని అమర్చుకొని దీపము ముందు పనిచేయువారి చిత్రము కలదు. ఈ చిత్రమునకు చరిత్రలో గొప్ప విలువ కలదు. నోరు చేయుపని కాలికి మారినందున రెండు చేతులును పనికి దక్కినవి. డ్రెస్డెన్ నగరవాసులైన లియోపోల్డ్ బ్లాష్కా, ఆయన కుమారుడు రుడోల్ఫ్ ఇట్టి దీపముతోడను తిత్తితోడను 1887 నుండి 1936 వఱకు హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వేలకొలది గాజుపుష్పములను చేసిరి. పనితనమునకు సాధనపు ఆడంబరము అక్కఱలేదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

తరువాతి మార్పు వాయువులవలన వచ్చినది. ప్రీస్ట్లీ 1774లో ప్రాణవాయువును వేఱుచేసెను. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ హేర్ 1801లో ఉదజని, ప్రాణవాయువులను కలిపి మండించు ఊదుగొట్టమును నిర్మించెను. 1768 డిగ్రీల వద్ద కాని కరగని ప్లాటినము దానికి లొంగినది. 1855లో హైడెల్బర్గున బున్సెన్ బర్నరు వెలసినది. 20వ శతాబ్ది ఆరంభమున ఎసిటిలీన్ జ్వాల ఫ్రాన్సున ఆచరణలోనికి వచ్చినది. ఊపిరికి బదులు సీసా, తిత్తికి బదులు కవాటము ఏర్పడినవి.

ఈ చరిత్రనుబట్టి ఎన్నికను విచారింపవచ్చును. ఇక్కడ వేడిమి తీవ్రత వేఱు, వేడి పరిమాణము వేఱు. ప్రాణవాయువుతో మండు ప్రొపేన్ జ్వాల సుమారు 2800 డిగ్రీలును, ఎసిటిలీన్ జ్వాల సుమారు 3100 డిగ్రీలును చేరును. ఐనను సూదిమొనవంటి జ్వాలతో వెండికడియమును అతుకబూనినచో పని సాగదు. వెండి వేడిని మిక్కిలి త్వరగా వ్యాపింపజేయును. కావున వస్తువంతయు వేడెక్కవలెను. దానికి గాలితో మండు వెడల్పైన మెత్తని జ్వాలయే మేలు. సన్నని గొలుసుకడియకు సన్నని మొన తగును. రాగి కలిసిన వెండి నల్లబడకుండుటకు ప్రాణవాయువు కొంచెము తక్కువైన జ్వాలను, ప్లాటినమునకు అది అధికమైన జ్వాలను వాడవలెను.

గాజున మఱియొక నియమము. మెత్తని సోడాగాజు పూసలకు ప్రాణవాయువు లేని చిన్న యంత్రమైనను చాలును. పని నెమ్మదిగా సాగును. బోరోసిలికేటు గాజునకు ప్రాణవాయువు అవసరము. సీసము కలిసిన గాజు ప్రాణవాయువు చాలని మంటలో నల్లబడును. ఎసిటిలీన్ మసి గాజునకు శత్రువు. వాయువులు లోపల కలియు యంత్రముల జ్వాల ఉగ్రము. కాని మంట వెనుకకు పోవు భయము కలదు. మొనకు వెలుపల కలియువానిలో ఆ భయము తక్కువ. ఏ యంత్రమైనను ముందు ఇంధనమును వెలిగించి, పిమ్మట ప్రాణవాయువును విడువవలెను. ఆర్పునపుడు ప్రాణవాయువును ముందు కట్టవలెను. ప్రాణవాయువు మరలకు నూనె తగులరాదు. ప్రొపేన్ గాలికంటె బరువైనది కావున కాఱినచో నేలపై నిలుచును.

పనివాని దేహమును మఱచిన చరిత్ర అసంపూర్ణము. గాజుపనివారికి కంటిలో శుక్లములు ఏర్పడుటను గూర్చి విలియం క్రూక్స్ పరిశోధించి, 1913 ప్రాంతమున రక్షక గాజులను రూపొందించెను. వేడిగాజునుండి వచ్చు సోడియపు పసుపువెలుగును అడ్డగించి పనిని స్పష్టముగ చూపునవి డిడిమియము అద్దములు. మన కంసాలులు తరతరములుగా పొగను మ్రింగుచు, కండ్లు చికిలించుచు పనిచేసిరి. కొత్త సాధనమువలన కలిగిన లాభములలో ఊపిరికి దొరకిన ఈ విముక్తియే గొప్పది. గాలి ధారాళముగా పాఱని గదిలో దానిని వాడినచో ఆ లాభమును పోగొట్టుకొన్నట్లే.

నష్టము మాటలలో కలదు. కవాటమును త్రిప్పువానికి ఊదుగొట్టముతో అవసరము లేదు. అవసరము తీఱిన మాట నోట నిలువదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశమును ఆరంభించినపుడు, పనివారి నోటనే పదమును వెదకవలెనను మార్గము మనకు ఏర్పడినది. ఊదుగొట్టము పట్టిన వృద్ధులు ఇంకను కొందఱు కలరు. జ్వాల రంగులకు, టంకము పాఱు తీరులకు, ఊదుటలోని భేదములకు వారు వాడు మాటలను సేకరించుట పరిశోధక విద్యార్థుల తక్షణ కర్తవ్యము. యంత్రమును నేడు కొనవచ్చును, రేపును కొనవచ్చును. ఆ మాటలకు రేపు లేదు.